పల్లేరు పూసిన దిబ్బ

పల్లేరును పువ్వుగా లెక్కపెట్టేవాళ్లు లోకంలో లేరు. వాన పడితే ఇసుకలో మొలుస్తుంది, వేలిగోరంత పసుపుపచ్చని పువ్వు పూస్తుంది, కాయ కాసి ఎండకు మాడిపోతుంది. కాయ కాలికి గుచ్చుకున్నప్పుడే దాన్ని తలుచుకుంటారు, అదీ తిట్టడానికి. ఇబ్రహీంపట్నంలో ఆ పువ్వు కోసం ఎదురుచూసింది కుమ్మరి సుక్కమ్మ ఒక్కతే.

పాలు తాగే బిడ్డ పోశి జ్వరంతో పోయింది. పసిది గనక కాల్చలేదు, వాగొడ్డు ఇసుకదిబ్బలో పూడ్చారు. నక్కలు తవ్వకుండా సుక్కమ్మ కొంగునిండా పల్లేరుకాయలు ఏరుకొచ్చి పైన చల్లింది. రాయి కూడా పెట్టబోతే అత్త మాణిక్యమ్మ చెయ్యి పట్టుకుంది.

"గుర్తు పెట్టకు బిడ్డా. పెడితె అది గాడనే ఉంటది, మళ్ల నీ కడుపుల పడదు."

సుక్కమ్మ రాయి పడేసింది. మరుసటి వానలకు సరిగ్గా ఆ చేటంత చోటే పసుపుపచ్చగా పూసింది. మట్టికి పోయే వంకతో రోజూ అక్కడికి పోయి, కరువుతీరా ఏడ్చి వచ్చేది. తాను గుర్తు పెట్టలేదు, పూలే వచ్చాయి, అందులో తన తప్పేముందని సర్దిచెప్పుకునేది.

ఆ పై ఏడు వానాకాలమంతా జ్వరపడి మంచం దిగలేదు. లేచీ లేవగానే వెట్టి కబురు వచ్చింది. నిజాం సర్కారు అధికారికి ఆ దిబ్బ మీదే డేరాలు వేస్తారట, ముళ్లన్నీ తీసెయ్యాలట. రానంటే మగడు జంగయ్య వీపు చిట్లుతుంది. తనే ఉంటే బిడ్డ చోట పార పడకుండా చూసుకోవచ్చని సుక్కమ్మ పోయింది.

పోయి చూస్తే దిబ్బంతా పల్లేరు పూలే. మేకల గిట్టలకూ మనుషుల కాళ్లకూ అంటుకుని కాయలు నలుమూలలా పడి మొలిచాయి. సుక్కమ్మ ఇక్కడ నిలబడి చూసింది, అక్కడ కూర్చుని చూసింది. చోటు ఆనవాలు దొరకలేదు.

పొరుగింటి యాదమ్మ పార ఎత్తింది.

"పార వద్దక్కా, చేతులతోని పీకుదం. నా బిడ్డ ఉన్నదీడ."

"ఏడనే?"

"ఎరుక లేదక్కా."

యాదమ్మ పార కింద పెట్టింది. వచ్చిన ఆడవాళ్లంతా వంగి చేతులతోనే పీకారు. అందరి వేళ్లూ నెత్తురయ్యాయి.

పొద్దుగూకే ముందు డేరావాళ్లు వచ్చి బారెడు గుంజలు సమ్మెటతో దిగ్గొట్టారు. ఒక్కొక్క దెబ్బకూ సుక్కమ్మ కడుపు పట్టుకుని వంగిపోయింది. పోశి దేని కింద ఉందో తల్లికి తెలియదు. అందుకే గుంజలన్నీ ఆ పిల్ల మీదే దిగాయి.