మూడో నంబరు

పోయిన చలికాలం పక్షవాతం వచ్చాక రెమ్మెర్ట్ నోట ఒక్క మాటే మిగిలింది. సరే. కాఫీ కావాలా అంటే సరే. చలిగా ఉందా అంటే సరే. నీ పేరేమిటని ఆస్పత్రిలో అడిగినా సరే అనే అన్నాడట. బుర్రకేమీ కాలేదనీ, చదివినదంతా అర్థమవుతుందనీ, తిరిగి రాయలేడనీ, ఆ మాటా దాంతోపాటు ఊగే తలా మాత్రం అతని స్వాధీనంలో లేవనీ ఆఫీసు డాక్టరు మా అందరినీ కూర్చోబెట్టి చెప్పింది. బుద్ధిగా విన్నాం. మర్నాటినుంచి మళ్లీ అతని సరేని సరేగానే తీసుకున్నాం. వినడానికి హాయిగా ఉండే మాట కదా.

మా ఊరు డెల్ఫ్‌జైల్‌లో సముద్రపు గట్టుకున్న తలుపులు నడిపేది మా ఆఫీసే. ఆటుకి తలుపులు తెరిచి కాలవల నీళ్లు సముద్రంలోకి వదలాలి, పోటు రాకముందే మూసేయాలి. అది చేసే ప్రోగ్రాము దాదాపు మొత్తం రెమ్మెర్ట్ రాసిందే. జబ్బుపడిన మనిషిని మళ్లీ పనిలోకి తెచ్చే ప్రయత్నం చేయాలని చట్టం ఉంది కాబట్టి, భార్య ఫెన్నా రోజూ పొద్దున్నే అతన్ని కారులో దింపి వెళ్లేది. గోధుమరంగు తెరచాప ఉన్న తన పడవ ఫోటో పక్కన, ఎడమచేత్తో మౌస్ పట్టుకుని కూర్చునేవాడు. చేతికి ఏ పని ఇవ్వాలో మాలో ఒక్కరికీ తోచలేదు. నిజం చెప్పాలంటే అతని పక్కన కూర్చోవడానికే భయపడ్డాం.

మా ఆఫీసు పెద్ద ఒన్నో చెడ్డవాడేమీ కాదు. ఒకరోజు రెమ్మెర్ట్ దగ్గర కుర్చీ లాక్కుని కూర్చుని, ఈ అవస్థంతా మానేసి ఇంటిపట్టున ఉంటే నీకు సుఖమా అని మెల్లగా అడిగాడు. సరే అన్నాడు రెమ్మెర్ట్. శుక్రవారం వీడ్కోలు, ఆపిల్ కేకు నేనే తెస్తానని ఒన్నో మాకు చెప్పాడు. రెమ్మెర్ట్ ఒప్పుకున్నాడు కదా అని కూడా అన్నాడు. ఎదుటి బల్ల నాది. సరే అంటున్నప్పుడు ఆ కళ్లు ఎలా ఉన్నాయో చూశాను. నాకు ఒళ్లు మండిపోయింది.

"ఇన్ని నెలల్లో అతను దేనికైనా వద్దన్నాడా? ఒక్కటి చెప్పు," అన్నాను ఒన్నోతో.

"మరెలా అడగమంటావు యాన్తినా? ఇంతకంటే మర్యాదగా అడగడం నాకు చేతకాదు," అన్నాడు.

విసురుగా వచ్చి కూర్చున్నాను.

ఆ వారమే కోడు రాయడంలో సాయపడే కృత్రిమ మేధ ఒకటి అందరి కంప్యూటర్లలో పెట్టమని నాకు పురమాయించారు. తెరమీద బొమ్మలూ బటన్లూ లేని నల్ల కిటికీలో, మనం టైపు చేసే ఆదేశాలతో పనిచేస్తుంది. ఒక లైను కొట్టి ఎంటర్ నొక్కితే అక్షరాలు గబగబా పైకి పాకిపోతాయి, కాసేపటికి సిద్ధం. గురువారం రెమ్మెర్ట్ బల్ల దగ్గరకొచ్చాను. తలుపుల ప్రోగ్రాముని పరీక్షించుకునే నకలు ఉన్నది అతని కంప్యూటర్లోనే. కుర్చీ నాకిచ్చి తను పక్కకు జరిగాడు గాని లేచి వెళ్లలేదు. ఈ ఫోల్డరులో ఉన్న ఫైళ్లను నమ్ముతున్నారా అని అది మొదటే అడిగింది. రెమ్మెర్ట్ రాసినవి నమ్మక ఎవరివి నమ్మను? నమ్ముతున్నానని నొక్కాను.

ప్రోగ్రామంతా చదివి, పనికిరానిది తీసేయమని మా భాషలోనే రాశాను. చదివింది. ఏది మార్చాలన్నా ముందు ఆగుతుంది. పోయే లైన్లు ఎర్రగా, వచ్చేవి పచ్చగా చూపించి కింద మూడు నంబర్లు ఇస్తుంది. ఒకటి, సరే. రెండు, సరే, ఇక అడగకు. మూడు, వద్దు. మా వృత్తిలో ఓపిక తక్కువ. నాలుగుసార్లు అడిగించుకున్నాక రెండు నొక్కనివాణ్ణి నేనింతవరకూ చూడలేదు. నా వేలూ రెండు మీదికే పోయింది. రెమ్మెర్ట్ ఎడమచెయ్యి వచ్చి నా మణికట్టు పట్టుకుంది. గట్టిగానే పట్టుకుంది. లేచి కుర్చీ అతనికిచ్చాను.

చదివాడు, ఒకటి నొక్కాడు. మళ్లీ చదివాడు, ఒకటి. నేను వెళ్లి కాఫీ తెచ్చుకుని తాగేదాకా అదే సాగింది. అది అతన్ని తొందరపెట్టలేదు, జాలిగా మొహంలోకి చూడలేదు, మాలాగా అతని బదులు తనే మాట పూర్తిచేయలేదు. అడిగి ఊరుకుంది. అప్పుడో నియమం దగ్గర ఆగింది. వాయవ్యపు గాలి వీస్తుంటే, నీటిమట్టం చూపే కొలత తలుపులు తెరవమన్నా ప్రోగ్రాము కాసేపు ఆగుతోంది. ఈ ఆగడానికి కారణం కనిపించలేదు, తీసేస్తాను అని రాసింది.

రెమ్మెర్ట్ చాలాసేపు చూసి మూడు నొక్కాడు.

చలికాలం నుంచి అతను వద్దనడం అదే మొదలు. అయితే ఏం చేయమంటారు అని అడిగింది అది. అతని వేళ్లు కీబోర్డు మీద ఆగిపోయాయి, నుదుట చెమట పట్టింది. నేను వంగి, ఇతను మాటలు రాయలేడు, నంబరు నొక్కితే సరిపోయేలా అడుగు అని టైపు చేశాను. అలాగే అడిగింది. అలలకు తలుపులు పాడవుతాయనా? కాదు. కొలత తప్పు చూపిస్తుందనా? అవును. కొలిచే పరికరం గాలి తగలని చోట ఉందా? అవును. అప్పుడు బయటి సముద్రం అది చూపే దానికంటే ఎత్తుగా ఉంటుందా? అవును. మధ్యాహ్నానికి ఆ కారణమంతా నియమం పైన రాసిపెట్టి, ఉంచమంటారా అంది. ఒకటి నొక్కి రెమ్మెర్ట్ వెనక్కి వాలాడు.

శుక్రవారం కుర్చీలన్నీ గుండ్రంగా వేశారు. ఫెన్నా కూడా వచ్చింది. ఒన్నో వీడ్కోలు మాటలు మొదలుపెట్టేలోపే నేను లాప్‌టాప్ తెచ్చి రెమ్మెర్ట్ ఒళ్లో పెట్టాను. తెర మీద ఒకే ప్రశ్న ఉంది. చదవమన్నాను ఒన్నోని.

"ఈ ఉద్యోగం మానేయాలని మీకు ఉందా?" అని చదివాడు ఒన్నో. "ఒకటి, ఉంది. రెండు, తర్వాత చెబుతాను. మూడు, లేదు."

"సరే," అన్నాడు రెమ్మెర్ట్. తల కూడా ఊగింది. ఆ తల ఊగుతుండగానే వేలు మూడు నొక్కింది.

ఒన్నో తెర వైపే చూస్తూ నిలబడి, చేతిలో ఉన్న కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"సోమవారం రా, రెమ్మెర్ట్," అన్నాడు.

"సరే," అన్నాడు రెమ్మెర్ట్. ఈసారి కూడా అతని వేలు వైపే చూశాం అందరం. అది కదల్లేదు.

కేకు కోశారు. ఫెన్నా తన ముక్క ముట్టుకోలేదు. నేను కప్పులు కడగడానికి వెళ్తుంటే వెనకాలే వచ్చి, దీన్ని మా ఇంట్లో కంప్యూటర్లో పెట్టగలవా అని అడిగింది. రేపే వచ్చి పెడతానన్నాను. ఆమె సంతోషిస్తుందనుకున్నాను. గోడకు ఆనుకుని, గాజు తలుపులోంచి రెమ్మెర్ట్ బల్ల మీదున్న ఫోటో వైపు చూస్తూ ఉండిపోయింది.

"మార్చిలో పడవ అమ్మేశాను, యాన్తినా. చెప్పకుండా అమ్మలేదు. పక్కన కూచుని, చెయ్యి పట్టుకుని అడిగాను."

ఏమన్నాడని నేను అడగలేదు.