కర్రిగాడి పథ్యం

మా కర్రిగాడు కొత్తవాడలో మా మగ్గం గుంట పక్కనే పెరిగిన కుక్క. నేను, మా బావమరిది ఉప్పలయ్య పక్కపక్కన కూర్చుని నేల మీద పరిచే దర్రీ నేస్తుంటే వాడు నూలు ఉండల మధ్య పడుకునేవాడు. ఒక్క ఉండ కూడా కొరకలేదు. ఉప్పలయ్య బీడీ కట్టను మాత్రం ఒకసారి నమిలేశాడు.

వాడు ముసలివాడయ్యాడు. పోయిన వానాకాలం నుంచి వెనక కాళ్లు మాట వినడం మానేశాయి. పొద్దున లేవబోయి సగంలో కూలబడేవాడు. నా భార్య సమ్మమ్మ వాడి నడుము కింద పాత తువ్వాల వేసి పైకి లేపితే, వాకిట్లోకి పోయి వచ్చేవాడు. కీళ్ల నొప్పులన్నారు దవాఖానలో. మాత్రలు ఇచ్చారు. మాత్ర వేస్తే నొప్పి తగ్గేది కానీ తిన్నదంతా కక్కేవాడు.

ఒకనాడు తువ్వాల వేస్తుంటే వాడు సమ్మమ్మ చేతిని నోట పట్టాడు. కరవలేదు. పళ్ల మధ్య కాసేపు పట్టుకుని, వదిలేసి, మొహం తిప్పుకున్నాడు. ఆమె ఆ పూట అన్నం తినలేదు.

"వాని గోస సూడలేనయ్యా. మగ్గం మీది పడుగు దిగేదాక సూద్దాం. ఆలోపల తనంతట తాను లేస్తె సరే. లేకుంటె సూది ఇప్పిద్దాం. నిద్రల పోతడు," అంది, ఉప్పలయ్య ఎదుటే.

నేను ఏమీ అనలేదు. మా ఇంట్లో నేను ఏమీ అనకపోతే ఒప్పుకున్నట్టే లెక్క. ఆ పడుగు, మగ్గానికి నిలువుగా కట్టే నూలు, ఎక్కించి అప్పటికి వారం కూడా కాలేదు.

మడికొండలో ఒక డాక్టరమ్మ ముసలి కుక్కలకు చైనా మూలికలు ఇస్తుందని, దర్రీ కొనడానికి వచ్చిన ప్రేమలత టీచర్ చెప్పింది. ఉప్పలయ్య దారం దిగ్గొట్టే పంజా పక్కన పెట్టి మరీ నవ్వాడు.

"చైనా మందా? మా అల్లుడు చైనా ఫోన్ కొన్నడు బావా. దసరాకు కొంటె దీపావళికి సచ్చింది. దీనికన్న గ్యారంటీ కార్డు ఇస్తరేమో అడుగు."

కర్రిగాణ్ణి దుప్పట్లో చుట్టి ఆటోలో తీసుకుపోయాను. డాక్టరమ్మ పేరు గుల్నాజ్. వాణ్ణి బల్ల మీదికి ఎత్తమనలేదు. తానే వచ్చి నేల మీద కూర్చుంది. వాడు ఆమె చేతులు, చెప్పులు అన్నీ వాసన చూసేదాకా ఆగింది. తర్వాత నాలుక రంగు చూసింది. తొడ లోపలి వైపు వేళ్లు ఆనించి, కళ్లు మూసుకుని నాడి చూసింది. కుక్కకు అంత సేపు నాడి పట్టి చూసినవాళ్లను నేను అంతకుముందు చూడలేదు.

"సదానందం కాకా, వీడు సల్లటి బండ మీద పంటడా, పొయ్యి కాడ పంటడా?"

"పొయ్యి కాడ."

"వాన పడ్డప్పుడు కాళ్లు ఎక్కువ గుంజుతయా?"

"ఆఁ."

"జర తిరిగినంక సాగుతయా?"

"సాగుతయి."

ఇన్ని నెలల్లో వాడు ఎక్కడ పడుకుంటాడని ఎవరూ అడగలేదు. అడగనిది నేను చెప్పను. ఆమె అడిగింది.

వాడి రక్తం పరీక్ష చేయించింది. కిడ్నీలు, లివరు బాగున్నాయని తెలిశాకే మందు చేతికిచ్చింది. మట్టి రంగు పొడి. డబ్బా మూత తీస్తే దాల్చినచెక్క, సొంఠి వాసన వచ్చింది.

"ఇది ముసలితనం పోగొట్టే మందు కాదు కాకా. నొప్పి తగ్గితె వాని పని వాడు చేసుకుంటడు, గంతే. పాత మాత్ర బంద్ చెయ్యకుండ్రి. సగం చేస్తున్న, తిన్నంకనే వెయ్యాలె. ఈ పొడి తిండిల కలుపుండ్రి. ఫికర్ చెయ్యకుండ్రి, జర టైం పడ్తది."

ఇంటికి రాగానే సమ్మమ్మ డబ్బా మూత తీసి వాసన చూసింది.

"పత్తెం ఏం చెప్పింది?"

"ఏం చెప్పలే."

"నువ్వు అడిగినవా?"

నేను అడగలేదు.

"చెట్టు మందుకు పత్తెం లేకుంట ఉంటదా? పనిల పడి మర్సిపోయి ఉంటది, పాపం."

అట్లా కర్రిగాడికి పథ్యం మొదలైంది. నీసు బంద్. గుడ్డు బంద్. పాలు బంద్. జొన్న జావలో పొడి కలిపి సమ్మమ్మ పోసేది. మేం తింటుంటే వాడు మా మూతుల వైపు చూస్తాడని, కూర వాసన తగిలినా పథ్యం చెడుతుందని, ఇంట్లో కూడా అన్నీ బంద్ చేసింది. ఆదివారం మటన్ పోయింది. పులుపు పోయింది. నేను ఏది పెడితే అది తిన్నాను.

నొప్పి నిజంగానే తగ్గింది. తువ్వాల వేస్తే మూలగడం మానేశాడు. కక్కడం లేదు. కానీ లేవడం లేదు. పక్కటెముకలు ఒక్కొక్కటే బయటపడ్డాయి. మగ్గం మీద పడుగు తరుగుతూనే ఉంది.

నేను మెల్లగా నేయడం మొదలుపెట్టాను. అడ్డదారం వేసి, పంజాతో ఒకటికి నాలుగుసార్లు దిగ్గొట్టేవాణ్ణి. పక్కన కూర్చునేవాడి దగ్గర చేతి వేగం దాచలేం.

"ఏంది బావా, దర్రీ నేస్తానవా, గోడ కడ్తానవా?" అన్నాడు ఉప్పలయ్య.

నేను పంజా ఇంకోసారి దిగ్గొట్టాను. అతను కర్రిగాడి వైపు చూశాడు, పడుగు వైపు చూశాడు.

"నాకు గూడ భుజం గుంజుతాంది. మెల్లగనే నేద్దాం తియ్యి," అన్నాడు. బీడీ ముట్టించుకొస్తానని బయటికి పోయి చాలాసేపు రాలేదు.

డాక్టరమ్మ మళ్లీ రమ్మన్న రోజు సమ్మమ్మ కూడా వచ్చింది. గుల్నాజ్ నేల మీద కూర్చుని వాడి తొడ కండ పట్టి చూసింది. నాడి చూసింది. "నొప్పి తగ్గింది. మరి కండ ఎందుకు కరుగుతాంది?" అని తనలో తాను అనుకుంది. తర్వాత తలెత్తి నా వైపు చూసింది. మెడ దగ్గర వదులైన నా అంగీని చూసింది. సమ్మమ్మను చూసింది.

"కాకా, మీరిద్దరు గూడ సన్నబడ్డరు. ఇంట్ల ఏం తింటాండ్రు?"

"పత్తెం," అన్నాను.

"ఎవలకు?"

"వానికి."

ఆమె నవ్వలేదు. పథ్యంలో ఏమేం మానేశామో సమ్మమ్మను అడిగి అన్నీ విన్నది. చెప్తూ చెప్తూనే సమ్మమ్మకు అర్థమై కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"నేనే సంపుతాన్ననా బిడ్డా వాణ్ణి?"

"లేదు చిన్నమ్మా. చెప్పకపోవుడు నా తప్పు. నాకు కామెర్లయితె మా నానమ్మ అజ్మత్ బీ నన్ను కూర గిన్నె దిక్కు సూడనియ్యలే. నాకు యాదికుండాలె గద." ఆమె సమ్మమ్మ చెయ్యి పట్టుకుంది. "నా మందుకు గూడ పత్తెం ఉన్నది. ఇనుండ్రి. దినాం ఉడకబెట్టిన గుడ్డు. ఉడకబెట్టిన కోడి, ఉప్పుకారం లేకుంట, బొక్కలు తీసి. పొద్దుగాల కాళ్లు వంచి సాపాలె. ఒక్కటి తప్పినా మందు పనిజెయ్యది."

"మరి ఇంట్లోళ్లు?"

"ఇంట్లోళ్లు తినకపోతె ఎట్ల? ఐతారం మటన్ అస్సలు తప్పద్దు."

పథ్యం మాట వింటే కసిరే డాక్టర్లను చూశాను. ఆమె మా పథ్యాన్ని తీసి పారేయలేదు. దర్రీని తిప్పి రెండో వైపు పరిచినట్టు పరిచింది, అంతే. దర్రీకి రెండు వైపులా ఒకటే నేత. ఆ ఒడుపు నేతగాడికి తెలుస్తుంది.

సమ్మమ్మ పట్టుకున్న పని వదలదు. కోడి కొట్టేవాడి దగ్గర నిలబడి, "పత్తెం కోడి, మంచిది సూసి ఇయ్యి," అనేది. వాడికి ఏమీ అర్థమయ్యేది కాదు. కర్రిగాడి కాళ్లు నేను వంచి చాపేవాణ్ణి. నా మోకాళ్లు కూడా పలికేవి.

ఎంత మెల్లగా నేసినా పడుగు అయిపోయింది. ఆఖరి దర్రీ కోయాలి. ఉప్పలయ్య కత్తి పట్టుకుని కూర్చున్నాడు, కోయడం లేదు. వంటింట్లో కోడి ఉడుకుతోంది.

కర్రిగాడు ముక్కు ఎత్తాడు. ముందు కాళ్లు పెట్టాడు. వెనక భాగం లేచి వణికింది. నేను చెయ్యి వేయబోయాను. ఉప్పలయ్య నా మణికట్టు పట్టుకున్నాడు.

"ఉండు బావా. తనంతట తాను అన్నది సెల్లె."

వాడు కూలబడ్డాడు. మళ్లీ పెట్టాడు. నిలబడ్డాడు. నడుము ఒక పక్కకు వాలుతూ గడప దాటి వంటింట్లోకి పోయాడు. లోపల గంటె కిందపడ్డ చప్పుడైంది.

"ఆగురా. ఉడకనియ్యి," అంది సమ్మమ్మ.

ఉప్పలయ్య దర్రీ కోశాడు. "గ్యారంటీ కార్డు లేకున్నా మాల్ మంచిగనే ఉన్నది," అన్నాడు.

నేను డాక్టరమ్మకు ఫోన్ చేశాను. నా అంతట నేను ఎవరికీ ఫోన్ చేయను.

"లేసిండు," అన్నాను.

"ఇంకోపారి చెప్పు కాకా."

"లేసిండు."

మరునాడు కొత్త పడుగు ఎక్కిస్తుంటే సమ్మమ్మ వచ్చి నిలబడింది. కర్రిగాడు ఆమె వెనకే నిలబడ్డాడు.

"ఈ పడుగుకు గడువు ఏం అనుకునేది లేదు," అంది.

నేను ఏమీ అనలేదు.