ఖాళీ చేసిన ఫోటో

"ఈ ఫోటో చెల్లదమ్మా," అంటూ విచారణాధికారి కంప్యూటర్ తెరను ఆరబా వైపు తిప్పాడు. "ఎక్కడ తీశారో లేదు, ఎప్పుడు తీశారో లేదు. ఏం మార్చారో ఆ జాడా లేదు. దీన్లో కనిపించే ఓడ పేరు మీరే రాసి పెట్టారని ఓడవాళ్ల వకీలంటే నేనేం చెప్పను?"

"రాయలేదు సార్. చీకటిగా ఉంటే వెలుతురు పెంచానంతే."

"పెంచారో, రాశారో! లోపల గుర్తుంటే కదా తెలిసేది."

ఆ రోజు మంగళవారం. సెకొండి రేవులో మంగళవారం సముద్రానికి విశ్రాంతి, ఎవరూ వేటకు పోరు, పడవలన్నీ ఒడ్డునే ఉన్నాయి. ఆ కట్టుబాటు పేదవాళ్లకే, పెద్ద వలల ఓడలకు లేదు. కిందటి వారం రాత్రి పడవలవాళ్ల హద్దులోకి చొరబడిన అలాంటి ఓడే ఆరబా తమ్ముడు ఫీఫీ పడవను తొక్కేసింది. సముద్రం మింగిందని ఎవరూ అనొద్దు. ఓడ చంపింది. అది మీద పడేముందు ఫీఫీ దాన్ని ఫోన్లో ఫోటో తీశాడు. బతికి బయటపడ్డవాళ్లు ఆ ఫోన్ తెచ్చి అక్క చేతిలో పెట్టారు.

ఆరబా బెంటిల్ మాస్టారి స్టూడియోలో ఫోటోలు దిద్దుతుంది. ఏడుస్తూనే ఆ ఫోటోను కంప్యూటర్లోకి ఎక్కించి, వెలుతురు పెంచి, రోజూ నొక్కే మీటే నొక్కింది. ఆ మీటతో బయటికొచ్చే ఫోటోలోంచి తీసిన చోటు, వేళ, చేసిన మార్పులు అన్నీ రాలిపోతాయి. డిస్కు నిండకుండా అసలుదాన్ని చెరిపేయడం కూడా అక్కడి అలవాటే. సాయంత్రానికి ఉప్పునీరు తాగిన ఫోను కూడా చచ్చింది.

విచారణ ఆఫీసు బయట మెట్ల మీద అమ్మ చావుకు కట్టే ఎర్రగుడ్డ తలకు బిగించుకుని కూర్చుంది.

"వాడు చూసిందంతా దాన్లోనే ఉందంటివి గదే?"

"ఉండేదమ్మా. నేనే తుడిచేశాను."

అమ్మ తిట్టలేదు. తిడితే బాగుండేది. "పొద్దున్నించీ ఏం తినలేదు నువ్వు," అని మొక్కజొన్న కెంకే ముద్ద పొట్లం విప్పింది.

స్టూడియోలో అడుగు పెట్టగానే బెంటిల్ మాస్టారు ఎదురొచ్చాడు. "వచ్చావా తల్లీ! ఓడల కంపెనీ ఫోటోలొచ్చాయి. చేపలు కొనేవాళ్లకు చూపించాలట, తొందర. మామూలుగానే ఖాళీ చేసి ఇచ్చెయ్."

మామూలుగానే! ఆ మామూలు ఎవరి కోసం పెట్టిందో ఆరబా ఇన్నాళ్లూ అడగలేదు. చేపలు ఎక్కడ పట్టారో బయటపడకూడదని కంపెనీ కోరితే, మాస్టారు ఆ మీటను స్టూడియో మొత్తానికీ బిగించాడు. పెళ్లికూతుళ్లూ పసిపిల్లలూ దాంట్లోంచే వెళ్లారు. తమ్ముడి చివరి చూపూ దాంట్లోనే పోయింది.

మొదటి ఫోటో తెరిచింది. ఓడ మీద కుప్పపోసిన వేలెడంత పిల్లచేపలు. తీసిన చోటు చూస్తే పటంలో చుక్క తమ రేవును ఆనుకునే, పడవలవాళ్ల హద్దులోనే పడింది.

ఆరబా ఆ మీట మార్చింది.

"ఏం చేస్తున్నావే?"

"లోపలిది లోపలే ఉంచుతున్నా మాస్టారూ."

"తీసెయ్!"

"తీయను."

"పిచ్చి పట్టిందా? మనకు అన్నం పెట్టేది వాళ్లే!"

"మా తమ్ముడికి ఇలాంటి ఓడవాళ్లే ఉప్పునీళ్లు పట్టారుగా."

మాస్టారు గోడలోంచి కంప్యూటర్ తీగ పీకేశాడు. తెర నల్లబడింది. అందులో ఎర్రబడ్డ కళ్లతో ఆరబా మొహం ఒక్కటే మిగిలింది. ఆమె లేవలేదు. మౌస్ మీద చెయ్యి అలాగే ఉంది.