తేరిన నీళ్లు

సుమతి మేడం గొప్పంతా అగ్గిపెట్టెంత గాజు డబ్బాలో ఉంది. డబ్బాలో నీళ్లు, నీళ్లలో కంటికి ఆనని మసి. ఆముదం దీపం మీద మూకుడు బోర్లించి, కాటుక పట్టినట్టు ఆ మసి పట్టి ఇచ్చింది అటెండరు ఈదయ్య భార్య వెంకటనర్సమ్మ. మామూలు వెలుతురు ఆ నీళ్లలోంచి హాయిగా దాటిపోతుంది. లేజరు దెబ్బ తగిలిందా, మసి రేణువులు ఒక్కసారిగా కాగి, చుట్టూ బుడగలు లేచి, ఆ కాంతిని చెల్లాచెదురు చేసేస్తాయి. వెనకున్న కన్ను బతికిపోతుంది. మిర్యాలగూడ డిగ్రీ కాలేజీలో, ఏదో కళ్ల దవాఖాన వదిలించుకున్న పాత లేజరుతో, ఫిజిక్సు చెప్పే ఈ కోదాడ ఆడపడుచు సుమతి ఆ సంగతి వందసార్లు రుజువు చేసుకుంది.

ఆ రోజు సూర్యాపేట నుంచి శ్యాంసుందర్ గారు తనిఖీకి వచ్చారు. ఆయన బాగుందంటే ల్యాబు నిలుస్తుంది, లేదంటే తాళమే. మటన్ కొట్టు నుంచి తెచ్చిన మేక కన్ను సగానికి కోసి, లోపలి నల్లటి పొర డబ్బా వైపు తిప్పి, బల్ల మీద పెట్టి ఉంది. ఆయన దాన్ని చూసి నవ్వారు.

"మేక కన్నేంది మేడం? గంత నమ్మకముంటే మనిషి కన్నే పెట్టాలె."

ఉత్త పరాచికం. ఈదయ్యకు మాత్రం పౌరుషం వచ్చింది. అతనికి ఉన్నదే ఒక్క కన్ను. రెండోది వేములపల్లి కల్లంలో వడ్లు తూర్పారబడుతుంటే ముల్లు గుచ్చుకుని పోయింది.

"నా కన్ను పెడత సారూ. మా మేడం మీద నాకు నమ్మకం," అంటూ ఆ మిగిలిన కన్నునే తెచ్చి డబ్బా వెనక ఆనించాడు.

సుమతి వద్దనాలి. అనలేదు. అంత నమ్మకానికి ఉబ్బిపోయింది, అంతే. చదువుకున్న బుద్ధి గడ్డి తింది. వేలు మీట మీదికి పోయింది.

"జర మంచినీళ్లుంటే..." అన్నారు శ్యాంసుందర్.

ముప్పై ఏళ్ల అటెండరుగిరీ. నీళ్లన్న మాట చెవిన పడితే కాళ్లు వాటంతటవే లేస్తాయి. ఈదయ్య వెళ్లాడు. ఈలోగా ఊరికే ఉండడమెందుకని సుమతి మేక కన్ను అక్కడికి జరిపి మీట నొక్కింది.

టప్పుమంది. నల్లటి పొర నడిమధ్యన తెల్లటి మచ్చ పడింది. కమురు వాసన వచ్చింది.

సుమతి డబ్బాను కిటికీ వెలుతురుకెత్తింది. ఎప్పుడూ లేత బూడిద రంగులో ఉండే నీళ్లు తేటగా మెరుస్తున్నాయి. రోజూ మసినీళ్ల సీసా ఊపి తనే డబ్బాలో పోసేది. ఇవాళ వచ్చే పెద్దమనిషి హడావుడిలో ఆ పని ఈదయ్యకు వదిలేసింది.

ఈదయ్య గ్లాసుతో వచ్చాడు. "తెచ్చిన సారూ. ఇగ నా కన్ను పెట్టాల్నా మేడం?"

"ఇందులో ఏం పోశావు, ఈదయ్యా?"

"ఆ సీసాలయే మేడం. నల్లగున్నయని నిన్న పటిక తిప్పి పెట్టిన. కాల్వ నీళ్లు మేం గట్లనే తేర్చుకుంటం. మడ్డంత అడుక్కు పోయింది, పైన తేటయి వంచి పోసిన. సారు ముంగట మురికి నీళ్లు పెడితే మీకేం ఇజ్జతుంటది?"

ఆమె మేక కన్ను చూపించింది. ఈదయ్య వంగి చూశాడు. గ్లాసు మెల్లగా బల్ల మీద పెట్టి, అరచేత్తో తన కన్ను మూసుకున్నాడు. శ్యాంసుందర్ ఆ నీళ్లు ముట్టలేదు.

"నాదే తప్పు మేడం," అన్నాడు ఈదయ్య, చెయ్యి తీయకుండానే. "సారుకు చెప్పున్రి, మసిది కాదు తప్పని."

"నీదీ కాదు." సుమతి చేతిలోని డబ్బా కింద పెట్టింది. "నువ్వు నీళ్లకు వెళ్లకపోతే నేను నొక్కేసేదాన్ని."

ఈదయ్య చెయ్యి తీసి, ఆమెను కొత్త మనిషిని చూసినట్టు చూశాడు.

"నా కన్ను ఆడ ఉండంగనే నొక్కెటోళ్లా మేడం?"

"నొక్కేదాన్ని," అంది సుమతి.