కత్తికి పట్టిన వయసు

వయసు దాచుకునే మనుషులు ఎక్కడైనా కనబడతారు. వయసు పట్టిందని మురిసిపోయేవాళ్లను చూడాలంటే మాత్రం నెలకో ఆదివారం సాయంత్రం నాలుగింటికి బైండింగ్ షాపు వెనక గదికి వెళ్లాలి. అక్కడ ఐదుగురు పెద్దమనుషులు కాగితాల కట్టల మధ్య ఇరుక్కుని కూర్చుని, జేబుల్లోంచి మడతకత్తులు తీసి, ఒకరి కత్తిని ఒకరు చెవి దగ్గర పెట్టుకుని తెరుస్తూ ఉంటారు. టిక్‌మని తెరుచుకుంటే ఒకరు ఆహా అంటారు. టక్‌మని మూసుకుంటే అందరూ అంటారు. యాపిల్ కోసుకునే వస్తువుకి ఇంత సంబరం దేనికండీ అని అడిగిచూడండి, మీ మీద జాలిపడి ఊరుకుంటారు.

వాళ్ల భాషలో వయసంటే, పాతకాలపు ఉక్కు బ్లేడు మీద పళ్ల రసమూ చేతి చెమటా తగిలి తగిలి పట్టే నలుపు. దాన్ని తుప్పు అన్నారో, మీతో మాట్లాడటం మానేస్తారు.

షాపు యజమాని బైండింగాయన ఈ సంఘానికి గదీ టీ సప్లయి చేస్తాడు. పళ్ల డాక్టరు తన మూడు బ్లేళ్ల కత్తిని క్లినిక్‌లో రోగులకు కనబడకుండా దాచుకోలేక అవస్థపడుతుంటాడు. బస్సు కండక్టరు కళ్లు మూసుకుని చప్పుడుని బట్టి ఎవరి కత్తో చెప్పేస్తాడు. వీళ్లలో ఒకే ఒక్క ఆడమనిషి కళ్లద్దాలమ్మ. మూడు రోడ్ల కూడలిలో కళ్లజోళ్ల షాపు ఆవిడదే. ఇక వీళ్లందరినీ పోగుచేసినవాడు పెద్దాయన, రిటైరైన రైలింజన్ డ్రైవరు.

పెద్దాయన దగ్గర 'మూడు తరాల కత్తి' ఉంది. ఎముక పిడి, ఇత్తడి అంచులు, వేలెడంత బ్లేడు. ఇంజన్లో బొగ్గు వేసే రోజుల్లో వాళ్ల తాత మోసిన కత్తి, ఆ తర్వాత నాన్న, ఆ తర్వాత తను. "నాతో ఆగిపోతే ఎలా?" అని ఆయన సంఘం పెట్టిన రోజే దాన్ని అందరిదీ చేశాడు. సభ్యులు వంతుల ప్రకారం ఏడాది చొప్పున మోయాలి. రోజూ జేబులో ఉండాలి, రోజూ వాడాలి. నూనె వేయొచ్చు, అంచు నూరుకోవచ్చు. వయసుని మాత్రం రుద్దకూడదు. ఏడాది నిండాక తెచ్చి బల్ల మీద పెడితే పెద్దాయన ఒకటే ప్రశ్న అడుగుతాడు: "ఇచ్చిన కత్తేనా?" మోసినవాళ్లు "ఇచ్చిన కత్తే" అనాలి. అంతే. పాడుచేసి తెచ్చినవాళ్లు సొంత కత్తి కూడా బల్ల మీద వదిలేసి వెళ్లిపోవాలన్నది షరతు. పదకొండేళ్లలో ఆ గతి ఎవరికీ పట్టలేదు.

కళ్లద్దాలమ్మ ఆఖరున చేరింది కాబట్టి వంతు కోసం మూడేళ్లు ఎదురుచూసింది. చేతికొచ్చాక ఏడాదంతా దాన్ని కన్నబిడ్డలా చూసుకుంది. చీరకైనా పంజాబీ డ్రెస్సుకైనా కత్తి పట్టే జేబు కుట్టించుకుంది. ఉదయం దానితోనే పండు కోసేది, మధ్యాహ్నం దానితోనే పార్సిళ్ల టేపు చీల్చేది. తిరిగి ఇచ్చేయాల్సిన ఆదివారం ఉదయం ఆఖరి యాపిల్ కోసి, కత్తిని సింకు పక్కన పెట్టి, స్నానానికి వెళ్లింది.

అదే కొంప ముంచింది.

తల తుడుచుకుంటూ బయటికి వచ్చేసరికి అత్తగారు కిటికీ వెలుతురులో ఏదో తళతళలాడిస్తోంది.

"చూడమ్మాయ్, ఎలా మెరుస్తోందో! ఏడాది నుంచి చెబుదామనుకుంటున్నా, ఆ తుప్పుతో పళ్లు కోసుకు తింటున్నావు, ఎప్పుడో సెప్టిక్ అవుతుందని. గిన్నెల పీచు పెట్టి రెండు రుద్దులు రుద్దాను. కొత్త దానిలా లేదూ?"

కొత్త దానిలాగే ఉంది. అందులో మొహం చూసుకోవచ్చు. కళ్లద్దాలమ్మ చూసుకుంది కూడా, అందులో కనబడిన మొహానికి రంగు లేదు.

"అత్తయ్యా," అంది. కత్తిని రెండు చేతులతో అందుకుంది.

"ఎందుకమ్మా అంత పొంగిపోతావు, ఇంట్లో మనిషిని, ఆ మాత్రం చేయనా?"

అరవడానికి నోరు తెరిచింది గానీ, ఆ ముసలావిడ మొహంలో సంతోషం చూసి మూసేసుకుంది. గదిలోకి పోయి మంచం మీద కూలబడింది. నాలుగింటికి బల్ల మీద ఈ అద్దం ముక్క పెట్టాలి. "ఇచ్చిన కత్తేనా?" అంటే ఏమనాలి? ఏడు రోజుల్లో ఆరు రోజులు పవర్లూ ఫ్రేములూ తప్ప వేరే ప్రపంచం లేని మనిషి. ఆ గదిలోకి వెళ్తేనే పదేళ్ల పిల్లయ్యేది. ఆ గది పోతుంది. అది తలుచుకునేసరికి ఏడుపు వచ్చేసింది, ఏడ్చింది.

ఏడ్చి ముక్కు తుడుచుకుని, ఎంతమేర పోయిందో చూద్దామని మెడలో వేలాడే భూతద్దం కంటికి పెట్టుకుంది. షాపులో ఫ్రేముల మీది చిన్న అంకెలు చదివే భూతద్దం అది. బ్లేడు మొదట్లో, పిడిలోకి దిగే చోట, ఇన్నాళ్లూ దట్టమైన నలుపు కింద పడున్న కంపెనీ ముద్ర కనబడింది. దాని కింద నాలుగు అంకెలు. తయారైన సంవత్సరం.

భూతద్దం తుడుచుకుని మళ్లీ చదివింది. అది ఆమె కళ్లజోళ్ల షాపు తెరిచిన సంవత్సరం. అంటే కత్తికీ షాపుకీ ఒకటే ఈడు. పదమూడేళ్లు.

బొగ్గు వేసిన తాత పోయి అరవై ఏళ్లయింది.

ఆమె ఏడుపు టక్కున ఆగిపోయింది. ఇప్పుడు భయం తన గురించి కాదు. ఈ అంకెలు మిగతా ముగ్గురిలో ఎవరి కంట పడ్డా పెద్దాయన ఏమైపోవాలి? తాత గురించి చెప్పేటప్పుడు ఆయన గొంతు ఎలా మారుతుందో ఆమెకు తెలుసు. వయసుని రుద్దొద్దని ఎందుకన్నాడో కూడా ఇప్పుడు తెలిసింది. ఎలాగైనా సరే నాలుగింటిలోపు దీన్ని నల్లగా చేసి తీరాలి.

"ఏమండీ!" అని కేకేసింది. "బజారుకెళ్లి యాపిల్స్ తీసుకురండి. పుల్లటివి. ఐదు కిలోలు!"

ఆమె భర్త లెక్కల మాస్టారు. ఎందుకని అడగకుండా, "ఐదు కిలోలంటే ముప్పై కాయలు, మనం ముగ్గురం, తలా పది," అని భాగించి మరీ వెళ్లాడు.

ఆ తర్వాత ఆ వంటింట్లో జరిగింది చూసి తీరాల్సిందే. కళ్లద్దాలమ్మ యాపిల్ కోస్తుంది, రసం ఆరేదాకా కత్తిని గాల్లో ఊపుతుంది, మళ్లీ కోస్తుంది. స్టవ్ మీద వినెగర్ మరుగుతోంది. మాస్టారు ముక్కుకి రుమాలు కట్టుకుని వాచీ చూస్తూ, "ముంచు... తియ్... ముంచు..." అంటున్నాడు. మధ్యమధ్య కత్తిని బంగాళాదుంపలో గుచ్చి నిలబెడుతున్నారు. జరిగిందేమిటో అర్థమయ్యాక అత్తగారు కాసేపు మూతి ముడుచుకుని కూర్చుంది.

"శుభ్రం చేయడం కూడా తప్పేనా ఈ ఇంట్లో?"

"తప్పు కాదత్తయ్యా. ఆ కత్తికి మాత్రం తప్పు."

"మురికి పట్టించడానికి ముగ్గురం పనిచేయాలా? ఊరికే వదిలేస్తే అదే పడుతుంది మురికి!"

అన్నదే గానీ చూస్తూ ఊరుకోలేకపోయింది. పదినిమిషాలకు లేచి వచ్చి ఉల్లిపాయ తరిగిచ్చింది. ఇంకో పదినిమిషాలకు కత్తే లాక్కుంది. "ఇలాగా నలుపు చేయడం? ఇటివ్వు. బ్రెడ్డుకి రాసుకునే ఆవసాస్, అదే ఆవపిండి సాస్, రాసి ఆరబెడితే స్టీలు గిన్నెలకే మచ్చలు పడతాయి, ఈ కత్తి ఎంత!"

ఆవసాస్ పనిచేసింది! చుక్కలు చుక్కలుగా రాసి, ఆరాక కడిగితే, దాని కింద మబ్బుపట్టిన ఆకాశంలా నలుపు తేలింది. కళ్లద్దాలమ్మ అత్తగారిని కౌగిలించుకుని బుగ్గ మీద ముద్దు పెట్టింది. ఇరవై రెండేళ్ల కాపురంలో అది మొదటిసారి. ఆవిడ బుగ్గ తుడుచుకుని, "సాస్ అంటించావు," అంది.

అంకెలున్న చోట మాత్రం ఆమె ఎవరినీ ముట్టుకోనివ్వలేదు. భూతద్దం పెట్టుకుని అగ్గిపుల్లతో తానే నాలుగు పూతలు వేసింది. మూడున్నరకల్లా అక్కడ రాత్రి అయిపోయింది, అంకె కాదు కదా గీత కూడా లేదు.

మిగిలిన సమస్య బేసిన్ నిండా ఉన్న యాపిల్ ముక్కలు. ఆరు కాయలు తిన్నాక మాస్టారు మంచం పట్టాడు. "పారేస్తామా? మీ వాళ్లకు పెట్టు," అంటూ అత్తగారు బేసిన్‌తో సహా ఆటో ఎక్కి కూర్చుంది. తిరిగొచ్చే ముందు బేసిన్ కడుక్కోవడానికి పీచు కూడా సంచీలో వేసుకుంది. రావద్దని చెప్పే ఓపిక కోడలికి లేదు.

బైండింగ్ షాపు వెనక గదిలో ఆ బేసిన్‌ని చూసి అందరూ లేచి నిలబడ్డారు. "ఏమిటమ్మా ఇదంతా, ఊరేగింపా?" అన్నాడు పళ్ల డాక్టరు. ఆయన నోట్లో అప్పటికే ముక్క ఉంది. కండక్టరు అలవాటుగా, "జరగండి జరగండి, లోపల బోలెడు చోటుంది," అని అత్తగారికి కాగితాల కట్ట మీద సీటు చూపించాడు.

కళ్లద్దాలమ్మ కత్తి తీసి బల్ల మీద పెట్టింది.

పెద్దాయన కుర్చీలో నిటారుగా సర్దుకున్నాడు. "ఇచ్చిన కత్తేనా?"

"ఇచ్చిన కత్తే," అంది. అబద్ధం కాదు. అయినా గొంతు కీచుమంది.

"నల్లగా ఉందిలెండి," అంది వెనకనుంచి అత్తగారు, ఎవరూ అడక్కుండానే. "పొద్దున తెల్లగా ఉన్నప్పుడైతే దాని మీద ఏదో సంవత్స..."

కళ్లద్దాలమ్మ గిరుక్కున తిరిగి ఆవిడ నోట్లో ఇంతేసి యాపిల్ ముక్క కుక్కింది. "తినండత్తయ్యా, పొద్దున్నుంచీ ఏమీ తినలేదు!" తొమ్మిది తిన్న మనిషి కళ్లు పెద్దవి చేసి నమలడం మొదలుపెట్టింది.

పెద్దాయన కత్తి తెరిచాడు. టిక్. కండక్టరు కళ్లు మూసుకుని, "అదే, అదే," అన్నాడు. పెద్దాయన బ్లేడుని ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. వినెగర్. కనుబొమలు లేచాయి. బొటనవేలు మెల్లగా బ్లేడు మీదుగా జరుపుకుంటూ మొదలుదాకా తెచ్చాడు. అక్కడ నలుపు తారు రోడ్డులా ఉంది. వేలు ఆగిపోయింది. తలెత్తి ఆమెను చూశాడు. ఆమె మెడలో భూతద్దం, దాని అంచున ఎండిపోయిన ఆవసాస్ చూశాడు.

ఆమె తల దించుకుంది. ఆయనకు తెలిసిపోయింది. ఆమెకు తెలుసన్నదీ తెలిసిపోయింది, దాచిందన్నదీ తెలిసిపోయింది. ఇక టక్‌మని మూసి పళ్ల డాక్టరు చేతిలో పెట్టేస్తే సరి. ఈ ఏడాది ఆయనదే వంతు.

పెద్దాయన మూయలేదు. గడ్డం గోక్కున్నాడు.

"పదకొండేళ్లుగా నేనే అడుగుతున్నాను. ఇవాళ ఆ ప్రశ్న ఎవరైనా నన్ను అడగండి."

అందరూ మొహమొహాలు చూసుకున్నారు. చివరికి కండక్టరే, టికెట్ అడిగినంత మర్యాదగా, "ఇచ్చిన కత్తేనా బాబాయ్ గారూ? మీకు మీ నాన్నగారు ఇచ్చిన కత్తేనా?" అన్నాడు.

"కాదు."

బైండింగాయన చేతిలో టీ ఒలికింది.

"సర్వీసులో ఆఖరి నెల," అన్నాడు పెద్దాయన. "నది బ్రిడ్జి మీద సిగ్నల్ కోసం ఇంజన్ ఆపి, కిటికీలో మోచెయ్యి పెట్టుకుని బత్తాయి ఒలుస్తున్నా. అసిస్టెంటు కుర్రాడికి గొప్ప చూపిద్దామని, తొక్క తెగకుండా ఒకటే చుట్టుగా. తొక్క తెగలేదు. కత్తి జారింది. చప్పుడు కూడా వినబడలేదు. మర్నాడు పోయి అదే కంపెనీ, అదే రకం కొన్నాను. మా ఆవిడక్కూడా చెప్పలేదు. అప్పుడు మొదలుపెట్టిన అబద్ధం, మీరంతా వచ్చి చేరాక ఎక్కడ ఆపాలో తెలీలేదు." కత్తిని బల్ల మీద పెట్టి, తన జేబులోని సొంత కత్తి కూడా తీసి దాని పక్కన పెట్టాడు. "షరతు నేను పెట్టిందే."

లేవబోయాడు. కళ్లద్దాలమ్మ ఆయన చెయ్యి పట్టుకుంది. ఇంత కష్టపడి దాచింది ఇందుకా!

"ఒక్క నిమిషం బాబాయ్ గారూ," అన్నాడు కండక్టరు. "మీ తాతగారు ఆ పాత కత్తి ఎన్నేళ్లు మోశారు?"

"తొమ్మిదేళ్లు."

"మీ నాన్నగారు?"

"ఆయనా అంతే. పది."

"మనం దీన్ని పదకొండేళ్లు మోశాం," అన్నాడు కండక్టరు. "తాతగారి మీద రెండేళ్లు ఎక్కువ. నాన్నగారి మీద ఒకటి ఎక్కువ. ఏం డాక్టరు గారూ, అవునా కాదా?"

పళ్ల డాక్టరు వేళ్ల మీద లెక్కపెట్టి, "అవునయ్యో!" అని అరిచాడు. "మనమే గెలిచాం!"

ఏం గెలిచారో వాళ్లకే తెలియాలి. బైండింగాయన ఒలికిన టీ తుడవడం మానేసి చప్పట్లు కొట్టాడు. డాక్టరు పెద్దాయన భుజాలు పట్టి కుర్చీలో కూలేశాడు. పెద్దాయన కళ్లు తుడుచుకుంటూ నవ్వుతూ, నవ్వు ఆపుకోలేక దగ్గుతూ, కళ్లద్దాలమ్మ వైపు తిరిగాడు.

"ఇప్పుడు నిజం చెప్పమ్మా. ఇచ్చిన కత్తేనా?"

"ఇచ్చిన కత్తే బాబాయ్ గారూ," అంది. ఈసారి గొంతు కీచుమనలేదు. "వయసు మాత్రం ఇవాళ్టిది. అత్తయ్య పొద్దున కడిగేస్తే మొదట్లో తయారైన సంవత్సరం అంకెలు బయటపడ్డాయి. మళ్లీ మేమే పట్టించాం."

"దేంతో?"

"వినెగర్, ఆవసాస్."

"నేను బంగాళాదుంపలతో కానిచ్చాను," అన్నాడు పెద్దాయన. "పన్నెండు రోజులు పట్టింది. ఆవసాస్ సంగతి నాకెవరూ చెప్పలేదే!"

"నాదే ఆ ఐడియా," అంది అత్తగారు. నోట్లో ముక్క అప్పటికి అయిపోయింది.

గది పగిలిపోయేలా నవ్వారు. నవ్వులు తగ్గాక బైండింగాయన కత్తిని వెలుతురుకు పెట్టి, "ఇక ఆ అంకెలు దాచడం దేనికండీ? పుస్తకం ఎప్పుడు అచ్చయిందో మొదటి పేజీలోనే వేస్తారు. బయటికి తీద్దాం," అన్నాడు.

ఎలా తీయాలన్నది పెద్ద చర్చ అయింది. డాక్టరు తన పళ్లు గీకే పరికరం తెస్తానన్నాడు. ఎవరికీ తమ చేత్తో వయసుని రుద్దే ధైర్యం లేదు. ఈ గొడవంతా చూసి చూసి, అత్తగారు సంచీలోంచి పీచు బయటికి తీసింది.

ఐదుగురూ ఊపిరి బిగబట్టి ఆవిడ చుట్టూ మూగారు. పెద్దాయన బ్లేడు మీద గోటితో గీత గీసి హద్దు చూపించాడు. ఆవిడ కొంగు దోపుకుని, పీచు కొసతో, బియ్యపుగింజ మేర, జాగ్రత్తగా రుద్దింది. నలుపు మధ్యలో ఒకటి తర్వాత ఒకటి నాలుగు అంకెలు తెల్లగా మెరిశాయి.

"ఇంకొంచెం ఆ పక్క కూడా..." అంది ఆవిడ, చెయ్యి ఆపకుండా.

"వద్దు!" అన్నారు ఐదుగురూ ఒక్క గొంతుతో, కళ్లద్దాలమ్మ పీచు లాగేసుకుంది.