తుపాకీ సంచి మూతి

సంజీవరావుకి పేకాట రాదు, సినిమాల పిచ్చి లేదు. బెజవాడ రైల్వే గూడ్సాఫీసులో గుమాస్తా. ఇంటికి రాగానే తోలు ముందేసుకుని కూర్చుంటాడు. వేటకెళ్ళే పెద్దమనుషుల తుపాకులకి తోలు సంచులు తనే కుట్టి ఇస్తాడు. పైసా పుచ్చుకోడు. పుచ్చుకుంటే సరదా కాస్తా వృత్తి అయిపోతుందట! ఆ వృత్తి మీద పెరిగిన ఒళ్ళే మరి. తండ్రి మరియదాసు కంకిపాడులో చెప్పులు కుట్టి చదివించాడు. ఆ సంగతి ఆఫీసులో పురుగుక్కూడా తెలియనివ్వలేదు మహానుభావుడు.

డెబ్బై నాలుగులో చల్లపల్లి రామకోటేశ్వరరావుగారు తన జోడుగొట్టాల తుపాకీకి సంచి అడిగారు. అంతా కుదిరింది గానీ, గొట్టం మూతి వచ్చే చివర తోలు వంపు తిరగనని మొండికేసింది. మూడుసార్లు కుట్టాడు, మూడుసార్లు విప్పాడు. చివరికి తండ్రికి కబురంపాడు.

మరియదాసు పొద్దున్నే బస్సు దిగాడు. తోలుని తడిపి, వంచి, రెండు సూదులు ఎదురెదురుగా దూర్చి మధ్యాహ్నానికల్లా మూతి తిప్పేశాడు. "తోలుని బతిమాలాల్రా, బెదిరిస్తే వినదు" అని నవ్వాడు. కొడుకు తన పనితనం కోరి పిలిచాడని ముసలాయనకి పట్టరాని సంతోషం.

సాయంత్రం రామకోటేశ్వరరావుగారు కారు దిగారు. వెంట గూడ్సాఫీసు హెడ్డుగుమాస్తా. సంచిని తిప్పి తిప్పి చూసి, సరిగ్గా ఆ మూతి దగ్గరే ఆగారు.

"అబ్బ! ఈ పనితనం ఎక్కడ నేర్చారండీ?"

"ఏదో ఇంగ్లీషు పుస్తకం చూసి నేర్చుకున్నానండీ."

"మరి ఈయనెవరు?"

వరండాలో దారానికి మైనం పట్టిస్తున్న మరియదాసు తలెత్తాడు. "మా నాన్నండీ" అంటే ఆకాశం విరిగి పడేదా?

"మా ఊరాయనండీ. సాయానికొచ్చాడు" అన్నాడు సంజీవరావు.

వాళ్ళని సాగనంపి వచ్చేసరికి వరండా ఖాళీ.

"కాఫీ కూడా ముట్టుకోకుండా వెళ్ళిపోయారండీ మామయ్యగారు" అంది భార్య సంపూర్ణమ్మ. "నోరెలా వచ్చిందండీ మీకు?"

ఆ రోజునుంచి సంజీవరావుకి తిండి సయించలేదు. వారం తిరక్కుండానే సెలవు పెట్టి కంకిపాడు బస్సెక్కాడు. తండ్రి కాళ్ళమీద పడాలి, తిట్టించుకోవాలి, చెంప పగలగొట్టినా సరే. దారిపొడుగునా అదే అనుకున్నాడు.

మరియదాసు గడపలో చెప్పు కుడుతున్నాడు. సంజీవరావు పక్కనే గోనెపట్టా మీద కూర్చోబోయాడు.

"అయ్యో, అక్కడొద్దండి, బట్టలు మాసిపోతాయి." ముసలాయన లేచి, పక్కింట్లోంచి కుర్చీ తెచ్చి, తువ్వాలుతో దులిపి వేశాడు. "కూర్చోండి."

"నాన్నా, తప్పైపోయింది. నన్ను తిట్టు."

"తప్పేముందండి. ఎండనపడొచ్చారు, మజ్జిగ తాగుతారా?"

ఆ మాటలో కోపం లేదు, ఎత్తిపొడుపూ లేదు. ఉంటే ఎంత బాగుండేది! సంజీవరావు కుర్చీ దిగి నేలమీద కూలబడ్డాడు. వెంటనే మరియదాసు పని ఆపి లేచి నిలబడ్డాడు, చేతులు కట్టుకుని.

చేసేదిలేక సంజీవరావు మళ్ళీ కుర్చీ ఎక్కాడు. అప్పుడుగానీ తండ్రి కూర్చోలేదు.