నీడ మీద కాలు

ఆదివారం ప్రార్థన అయ్యాక ఈదమ్మ చర్చి గడప దగ్గర చెప్పులు వెతుక్కుంటూ మనవరాలి నీడ మీద కాలు వేసి నిలబడేది. నిరోష కదలలేక "అవ్వా, ఇడువే" అని మొత్తుకునేది. కొత్తకోట పక్కనున్న ఆ ఊళ్లో ఇది మామూలే. నిజంగా మన మేలు కోరేవాళ్లు నీడ తొక్కితే అడుగు పడదు. వేరేవాళ్లు ఎంత తొక్కినా ఏమీ కాదు. నిరోష తండ్రి ఏసోబు కల్లు దుకాణం దారి పట్టినప్పుడల్లా, అతని భార్య బియ్యం చెరుగుతూనే పీట అతని నీడ మీదికి జరుపుకునేది.

ఇంత సులువైన కొలత ఉండి కూడా ఈదమ్మ మనవరాలి స్నేహాల దగ్గర మాత్రం బొట్టు చూసి తీర్పు చెప్పింది.

"గా గొర్లోళ్ల మల్లీశ్వరితోని తిరగకు బిడ్డా. వాళ్లది బోనమెత్తే ఇల్లు. మన మమత లేదా? ప్రార్థనల ఎంత మంచిగ పాడుతది!"

ఎనిమిదో తరగతిలో నిరోష మల్లీశ్వరి పక్క నుంచి లేచి మమత బెంచీకి మారింది.

ఒక ఆదివారం మధ్యాహ్నం మమత చెవిలో చెప్పింది. "ఫోన్ల మాట్లాడిన అన్న కారు తెస్తుండు. పట్నంల నా పాట రికార్డు చేస్తడట. నువ్వు తోడు రా. ఇంట్ల పాటల ప్రాక్టీసని చెప్పు."

నిరోష అవ్వకు మొదటిసారి అబద్ధం చెప్పింది. మమత పేరు వినగానే ఈదమ్మ తలెత్తి కూడా చూడలేదు. "పోయి రాండ్రి బిడ్డా, ప్రభువు తోడుంటడు" అంది.

పొద్దు వాలుతుండగా హైవే పక్కన తెల్ల కారు ఆగింది. లోపలి మనిషి దిగలేదు, వెనక తలుపు మాత్రం తెరిచాడు.

"ఫోన్ బందు చేసి నాకియ్యి. జల్దీ ఎక్కుండ్రి."

మమత ఫోన్ ఇచ్చేసింది. నిరోష ఒక అడుగు వెనక్కి వేసింది. అయినా స్నేహితురాలి ముందు పిరికిదాన్ననిపించుకోలేక కాలెత్తబోయింది. కాలు లేవలేదు.

వెనక్కి తిరిగితే మల్లీశ్వరి. గొర్రెల మందను వదిలేసి ఉరికొచ్చి, పొడుగ్గా పడిన నీడ చివర మీద నిలబడి రొప్పుతోంది.

"ఎక్కకు నిరోషా. వాని చూపు మంచిగ లేదు."

నిరోషకు సిగ్గుతో ముఖం కాలిపోయింది. "నేను నీ పక్కనుంచి లేసిపోయిన కదా మల్లీ."

"లేస్తే లేసినవ్. గంతల్నే అయిపాయెనా?"

మమత మూతి తిప్పింది. "అయితే ఈడనే ఉండు. నేను పోత." ఒక కాలు కారులో పెట్టింది.

గుట్టల వెనక్కి పొద్దు జారుతోంది. ఇంకాసేపుంటే నీడలే ఉండవు.

"ఇడువు మల్లీ" అంది నిరోష. మల్లీశ్వరి ఆమె ముఖంలోకి చూసి కాలు తీసింది. నిరోష ఒక్క ఉరుకున వెళ్లి మమత నీడ మీద నిలబడింది. అప్పుడు భయం పట్టుకుంది. మమత పక్కన ఉంటే నలుగురూ చూస్తారనే కదా తను తిరిగింది? మమత మేలు తను ఎన్నడు కోరింది?

"ప్రభువా, ఈ పిల్ల బాగుండాలె. ఇంకేం వద్దు" అంది పైకే.

మమత రెండో కాలు నేల వదల్లేదు.

కారులోని మనిషి ఆమె చెయ్యి పట్టి గుంజాడు. గుంజినా రాలేదు. అంతలో మల్లీశ్వరి వెనకే వచ్చిన మంద కారు చుట్టూ కమ్ముకుంది. వెనక లారీ ఆగి హారన్ కొట్టింది. అతను తిట్టుకుంటూ చెయ్యి వదిలి, మమతను బయటికి నెట్టి, గొర్రెలను తోసుకుంటూ కారు పోనిచ్చాడు.

"కాలు తియ్యే నిరోషా! నా పాట ఖరాబు జేసినవ్!" మమత అరిచింది.

పొద్దు గుంకింది. రోడ్డు మీద ఎవరి నీడా లేదు. తల్లి పోయాక మేనమామ ఇంట్లో పెరుగుతున్న మమత ఇప్పుడు ఎటు పోవాలన్నా పోవచ్చు. పోలేదు. తన కాళ్ల వంక చూసుకుంటూ నిలబడి, "నన్నెవ్వరు ఎప్పుడు ఆపలే" అని ఏడ్చింది.